పాలికల్లో ఏ గింజ ఎలా పైకొస్తుందో చూశారా?

మొలకల గురించి పిల్లలకు చెప్పాలంటే పుస్తకంలో బొమ్మ కంటే పెళ్లి పాలికలే మేలు. అదే మట్టి, అవే నీళ్లు, నవధాన్యాలన్నీ కలిపి చల్లేస్తారు కదా, నాలుగైదు రోజులాగి దగ్గర కూర్చుని చూడండి, ఒక్కో గింజది ఒక్కో పద్ధతి.

పెసలు, అలసందలు, ఉలవలకు ముందు వేరు దిగుతుంది, తర్వాత బద్దల కింద ఉన్న కాడ కొక్కెంలా వంగి మట్టిని తోసుకుంటూ వస్తుంది, వెలుతురు తగిలాక నిటారుగా లేచి రెండు బద్దల్నీ పైకెత్తుతుంది. ఆ వంపే లేకపోతే లేత చిగురు మట్టికి రాసుకుని చితికిపోతుంది. కందులు, శనగలు అలా కాదు. బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, చిగురొక్కటే పైకొస్తుంది. దీనివల్ల లాభం ఉంది: శనగ మొలక తల ఏ పురుగో కొరికేసినా కింద బద్దల దగ్గరున్న మొగ్గ నుంచి ఇంకో పిలక రాగలదు, అదే పెసర మొలక బద్దల కింద తెగిందా, ఇక అంతే.

విత్తే లోతు కూడా ఇక్కడే తేలుతుంది. నల్లరేగడిలో పైమట్టి ఆరినా అడుగున పదును ఉంటే శనగ లోతుగా వేయొచ్చు. నువ్వుల్లో దాచుకున్న తిండే తక్కువ, పైగా బద్దల్ని మోసుకుని రావాలి, అందుకే ఇసుక కలిపి పైపైనే విత్తుతారు. కుండీలో తోటకూర మొలవలేదని విత్తనాల్ని తిడుతుంటారు గానీ, చాలాసార్లు వేలెడు లోతున పాతేయడమే కారణం.

వేరుశనగ మధ్యరకం, బద్దలు నేల మట్టం దాకా వచ్చి ఆగుతాయి.

వడ్ల మొలకకు పైన సన్నటి తొడుగు ఉంటుంది, మొదటి ఆకు దాన్ని చీల్చుకుని వస్తుంది. నీళ్లలో మునిగి గాలి అందకపోతే ఈ తొడుగే ముందు సాగుతుంది, వేరు వెనకబడుతుంది. నానిన వడ్లను నీళ్లు వంచేసి మండె కట్టేది, అంటే కుప్పగా పోసి గోనెతో కప్పి ఉంచేది, వాటికి గాలి, వెచ్చదనం అందాలనే.

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది మాత్రం తాటి టెంక. పాతర వేస్తే మొలక పైకి రాదు, కిందికి దిగుతుంది! టెంకలోంచి ఒక కాడ బయలుదేరి, మొక్క కాబోయే పిండాన్ని కొసన పెట్టుకుని నేల లోతుకు తీసుకెళ్తుంది. టెంక లోపల మిగిలిన భాగమేమో, ముంజ ముదిరి గట్టిపడిన దాన్ని కరిగించి పీల్చుకుంటూ బుర్రగుంజుగా ఉబ్బుతుంది. ఆ తిండంతా కిందికి చేరి పిండిగా నిండితేనే సంక్రాంతి రోజుల్లో మనం కాల్చుకు తినే తేగ. తవ్వకుండా వదిలేస్తే దాని లోపలి నుంచే ఆకు పైకొస్తుంది, కాకపోతే తొలి ఆకులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, తాటాకని చెబితే గానీ గుర్తుపట్టలేం.