కింద ఉన్నవాడికి గట్టు కనబడదు

మా నాన్నగారు నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య తిరిగే లాంచీలో చాలా ఏళ్లు ఇంజను డ్రైవరుగా పని చేశారు. పైన సరంగు చుక్కాని పట్టుకుని గంట తాడు లాగేవాడు. ఆ గంటల లెక్కను బట్టి కింద నాన్నగారు ఇంజనును ముందుకో వెనక్కో వేసేవారు. గోదావరి పాయ వశిష్ఠ పోటు మీద ఉందో పాటు మీద ఉందో, గట్టు ఇంకా ఎన్ని బారల దూరంలో ఉందో ఆయనకు కనబడేది కాదు. లాంచీ రేవుకు ఒరుసుకున్నప్పుడు అడుగు చెక్కల్లో వచ్చే చిన్న అదురే ఆయనకు తెలిసిన గట్టు.

కొన్నేళ్ల క్రితం ఆయనను విశాఖపట్నం తీసుకువెళ్లి, సముద్రపు ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిపిన కుర్సురా జలాంతర్గామిని చూపించాను. అది సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరినది. అందరూ టార్పెడోల దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే ఆయన మాత్రం డీజిల్ ఇంజన్ల మధ్య సన్నటి దారిలో నిలబడిపోయి, "ఇక్కడికి గంట ఎలా వస్తుంది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ బయలుదేరిన నేను రెండో ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ జలాంతర్గాముల దగ్గర ఆగిపోయాను. వాటి గురించి రాసినవారిలో ఎక్కువమంది పెరిస్కోపుకు కన్ను ఆనించిన కెప్టెన్ దగ్గరే ఆగిపోతారు. వెనక భాగంలో నూనె మరకలతో నిలబడినవాడి దాకా వచ్చేవారు తక్కువ. ఆ కొరత నాకు కొంచెం కోపం కూడా తెప్పించింది.

గంటకు బదులు అక్కడ టెలిగ్రాఫ్ అనే ముల్లున్న పలక ఉండేది. కంట్రోల్ రూమ్ నుంచి వచ్చిన ఆజ్ఞను ఆ ముల్లు చూపిస్తే, వెనక ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్లు, స్టోకర్లు దానిని పాటించేవారు. ఆర్టిఫిసర్ అంటే ఏళ్ల తరబడి శిక్షణ పొందిన మేస్త్రీ అనుకోవచ్చు. అవసరమైతే విరిగిన భాగాన్ని నడిసముద్రంలో తానే మలచుకోగలిగినవాడు. స్టోకర్ అంటే కొలిమిలో బొగ్గు వేసేవాడు; ఆ పేరు బొగ్గు ఓడల కాలం నుంచి మిగిలిపోయింది, జలాంతర్గామిలో బొగ్గు ఎక్కడా లేదు.

ఆ కాలపు బ్రిటిష్ జలాంతర్గాములలో టీ తరగతి అనే రకం పొడవు సుమారు 84 మీటర్లు. దాని రెండు డీజిల్ ఇంజన్లు కలిపి 2,500 అశ్వశక్తి ఇస్తే, విద్యుత్ మోటార్లు 1,450 ఇచ్చేవి. ఇంజను, మోటారు, ప్రొపెల్లర్ ఒకే షాఫ్టు మీద వరుసగా ఉండి, ఇంజనుకూ మోటారుకూ మధ్య ఒక క్లచ్, మోటారుకూ ప్రొపెల్లరుకూ మధ్య మరొక క్లచ్ ఉండేవి. వెనక క్లచ్ విడదీసి ఇంజను నడిపితే మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని నింపేది; మునిగే ఆజ్ఞ రాగానే ఇంజను ఆపి, ముందరి క్లచ్ విడదీసి, పొగ బయటకు పోయే వాల్వులను బిగించి, షాఫ్టును మోటారుకు అప్పగించేవారు. హెచ్చరిక మోగిన తరువాత ఇదంతా క్షణాల మీద జరగాలి. ఒక్క వాల్వు తెరిచి ఉండిపోయినా సముద్రం లోపలికి వస్తుంది. చిన్నదైన యూ తరగతిలో పద్ధతి వేరు: అక్కడ డీజిలు పని జనరేటరును తిప్పడం మాత్రమే, షాఫ్టును తిప్పేది ఎప్పుడూ మోటారే. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్టు మీద జనరేటరూ ఏరేటర్లూ చూసినవారికి ఈ రెండో పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు.

పగలు నీటి కింద మోటార్ల మీద నెమ్మదిగా పాకడం, రాత్రి పైకి వచ్చి డీజిళ్లతో బ్యాటరీ నింపుకోవడం వారి దినచర్య. తేలి ఉన్నప్పుడు ఇంజన్లకు గాలి చాలావరకు పై మూత గుండానే దిగేది. ఆ మూత పొరపాటున పడిపోతే ఇంజన్లు లోపలి గాలినే పీల్చేసి మనుషుల చెవులు నొప్పెట్టేలా చేసేవి. 1940 వేసవిలో నార్వే తీరాన కాపు కాసినవారికి రాత్రి అన్నదే సరిగా దొరకలేదు, బ్యాటరీ నింపుకునే చీకటి కొద్ది గంటలే. టీ తరగతిలో 336 బ్యాటరీ సెల్‌లు ఉండేవి. వాటిని ఎలక్ట్రీషియన్లు పసిబిడ్డలను చూసినట్లు చూసుకునేవారు: ఛార్జి అయ్యేటప్పుడు పుట్టే హైడ్రోజన్ పేరుకుంటే పేలుడు, ఉప్పునీరు తగిలితే క్లోరిన్. రొయ్యల చెరువులో బ్లీచింగ్ చల్లిన పూట ముక్కుకు తగిలే ఘాటును మూసేసిన ఇనుప గొట్టంలో ఊహించుకుంటే వారి భయం కొంత అర్థమవుతుంది.

ఈ కథ మనకు మరీ దూరపుది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేశాయి. తరువాతి సంవత్సరాలలో బ్రిటిష్ జలాంతర్గాములు సింహళంలోని ట్రింకోమలీ నుంచి బంగాళాఖాతం దాటి మలక్కా జలసంధి దాకా కాపు కాశాయి. 1944 జనవరి 11న టాలీహో అనే జలాంతర్గామి పెనాంగ్ సమీపంలో కూమా అనే జపాను క్రూయిజరును ముంచింది. ఇక్కడ రాత్రులు కావలసినంత పొడవు, కానీ సముద్రమే గోరువెచ్చన. రాత్రంతా నడిచి వేడెక్కిన ఇంజన్లు, ఉదయం మునిగిన తరువాత కూడా గంటల కొద్దీ సెగ విడుస్తూ ఉంటే, స్టోకర్ల ఒళ్లంతా చెమటకాయలు. మన వైశాఖంలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవారికి నేను దీని మీద ఎక్కువ రాయనక్కరలేదు.

నది నీరు కూడా వారికి ఒక లెక్కే. ఉప్పునీటిలో సరిగ్గా తూగే జలాంతర్గామి, నది కలిసిన తేలికపాటి నీటిలోకి వస్తే బరువెక్కి కిందికి జారుతుంది. అప్పుడు ట్యాంకుల నుంచి టన్నుల నీరు బయటకు తోడి తూకం సరిచేయాలి. నదికి వరద ఎర్రనీరు వచ్చిన రోజుల్లో లాంచీ ఉప్పుటేరులో కన్నా కొంచెం లోతుగా కూర్చుంటుందని నాన్నగారు చెబుతుండేవారు. ఆ సూత్రమే ఇదీ.

శత్రువు పైన తిరుగుతూ నీటి లోతులో పేలే డెప్త్ ఛార్జీ బాంబులు వేస్తున్నప్పుడు ఫ్యాన్లు, పంపులు ఆపేసేవారు. చేతినిండా పని ఉన్నంతసేపు ఇంజను మనిషికి భయం ఉండదు, చేయడానికేమీ లేకుండా ఆగిన యంత్రం పక్కన నిలబడడమే అసలు శిక్ష అని నేను అనుకుంటాను. ఆ యుద్ధంలో బ్రిటన్ 70కి పైగా జలాంతర్గాములను పోగొట్టుకుంది.

వాటిలో పెర్సియస్ ఒకటి. 1941 డిసెంబరు 6 రాత్రి గ్రీసు దేశపు కెఫలోనియా ద్వీపం దగ్గర మైను తగిలి అడుగుకు చేరింది. జాన్ కేప్స్ అనే లీడింగ్ స్టోకర్ అందులో సిబ్బంది కూడా కాదు, ప్రయాణికుడిగా ఎక్కినవాడు. వెనక భాగంలో ఖాళీ టార్పెడో గొట్టాన్నే పడకగా చేసుకున్నాడు. గాయపడిన మరి ముగ్గురితో కలిసి, తప్పించుకునే మూత కింద గుడ్డ గొట్టాన్ని దించి, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానమయ్యేదాకా గదిలోకి నీటిని వదిలి, ఆక్సిజన్ సంచి తగిలించుకుని పైకి వచ్చాడు. గదిలోని గేజి 270 అడుగుల లోతు చూపించిందని తరువాత చెప్పాడు. పైకి తేలినవాడు అతనొక్కడే. చలికాలపు సముద్రంలో ఈది ఒడ్డు చేరితే ద్వీపవాసులు ఏడాదిన్నర పాటు అతనిని దాచి కాపాడారు. బ్రిటన్ పతకం ఇచ్చింది కానీ, అతని మాటను చాలామంది నమ్మలేదు.

1997లో గ్రీకు డైవర్లు ఆ నౌకను కనుగొన్నారు. వెనక మూత తెరిచే ఉంది, అతను చెప్పిన టార్పెడో గొట్టం అలాగే ఉంది, చివరి గుక్క రమ్ము తాగానన్న సీసా కూడా దొరికింది. లోతు మాత్రం సుమారు 52 మీటర్లు, అంటే 170 అడుగులు.

ఇదంతా చదివి వినిపించినప్పుడు నాన్నగారు రమ్ము సీసా దగ్గర నవ్వలేదు, ద్వీపవాసుల దగ్గర కన్నీరు పెట్టలేదు. లాంచీలో ఆయిల్ ప్రెషర్ గేజిని వేలితో రెండుసార్లు తట్టకుండా ఏనాడూ చదవని మనిషి ఆయన. కాసేపు ఆలోచించి, "ఏరా, ఇంతకీ ఆ గేజిని ఎవరైనా విప్పి చూశారంటావా?" అని అడిగారు.