ఆటిజం కాదు, కడుపునొప్పి

"ఆటిజం పిల్లలు ఇంతేనమ్మా, తల కొట్టుకుంటారు. అలవాటు చేసుకోవాలి."

రాత్రి 2 దాటాక ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు అన్న మాట ఇది. బాబు పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు, చెవిలోకి చూడలేదు, నోరు తెరిపించలేదు. ఫైలు మీద ఆటిజం అని కనబడగానే ఇంక వెతకాల్సిందేమీ లేదనుకున్నారు. వాడికప్పుడు 7 ఏళ్ళు, బరువు 20 కిలోలు. గట్టిగా లెక్కపెడితే పది మాటలు కూడా రావు.

ఇప్పుడు వాడు రాత్రంతా నిద్రపోతున్నాడు. భయం తీరింది, కోపం మాత్రం పూర్తిగా తీరలేదు. మా కథ కంటే, మాటలు రాని పిల్లల్లో నొప్పిని ఎలా కనిపెట్టాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో చెప్పడమే అవసరం అనిపించి రాస్తున్నాను.

ఆ రాత్రి సంగతి ఒక్కటి మాత్రం చెప్పాలి. 11 గంటల నుంచీ గోడకు తల కొట్టుకుంటూనే ఉన్నాడు. నా అరచెయ్యి గోడకీ వాడి నుదుటికీ మధ్య అడ్డం పెట్టి కూర్చున్నాను. మధ్యమధ్యలో ఆగి, మంచం అంచుకు పొట్ట ఆనించి అదుముకునేవాడు. కాళ్ళు కత్తెరలా బిగించి మునివేళ్ళ మీద నిలబడేవాడు. మెడ మీద చెమట. ఏడుపు లేదు, కన్నీళ్ళు లేవు. అర నిమిషం అలా బిగదీసుకుని, మళ్ళీ గోడ దగ్గరికి. వాడు తన జబ్బేమిటో నాకు చూపిస్తూనే ఉన్నాడు. చూడడం నాకు రాలేదు.

అంతకు మూడు వారాల ముందు నుంచే లోదుస్తులకు మరకలు, అప్పుడప్పుడు నీళ్ళలాంటి విరేచనం. విరేచనాలని చెబితే అవి ఆగడానికి మందిచ్చారు. అసలు సంగతి పూర్తిగా తిరగబడి ఉంది. పెద్దపేగు చివర మలం రాయిలా గట్టిపడి ఇరుక్కుంటే, పైనుంచి వచ్చే పల్చటి మలం దాని పక్కల నుంచి జారి బయటికొస్తుంది. చూసేవాళ్ళకు విరేచనాలు, లోపల మాత్రం తీవ్రమైన మలబద్ధకం. అలాంటప్పుడు విరేచనాలు ఆపే మందు వేస్తే ఇరుక్కున్నది ఇంకా బిగుస్తుంది.

రెండు రోజుల తర్వాత చూసిన పిల్లల డాక్టరుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆవిడ వాడిని బల్ల ఎక్కించలేదు, నా ఒళ్ళోనే ఉంచారు. స్టెతస్కోపు వాడి చేతికిచ్చి, ముందు నా పొట్ట మీద, తర్వాత వాడి బొమ్మ మీద పెట్టి చూపించారు. గదిలో ట్యూబులైటు ఆపించారు. అయిదు నిమిషాలు అలా పోనిచ్చి, అప్పుడు బొడ్డుకు ఎడమవైపు కింద వేళ్ళతో నొక్కి నా చెయ్యి కూడా అక్కడ పెట్టించారు. చర్మం కింద గట్టి ముద్ద తగిలింది. "వీడు గొడవ చెయ్యట్లేదమ్మా, నొప్పని చెబుతున్నాడు" అన్నారు.

వైకల్యం పేరు చూసి శరీరంలోని జబ్బును వదిలేయడం కొత్త సంగతేమీ కాదు. దానికి వాడే పేరు డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళలో మానసిక జబ్బులు కనబడకుండా పోవడం చూసి 1982లోనే పరిశోధకులు ఆ పేరు పెట్టారు, ఇప్పుడు శరీరపు జబ్బులకూ వాడుతున్నారు. పెద్ద జబ్బు నీడలో చిన్న జబ్బు కనబడకపోవడం. పేరు పెట్టి ఇన్నేళ్ళయినా పిల్లాడి పొట్ట ముట్టుకోకుండా పంపేవాళ్ళున్నారు.

అందుకే ఇది గట్టిగా చెబుతాను: తల కొట్టుకోవడం, చెయ్యి కొరుక్కోవడం, రాత్రి లేచి అరవడం కొత్తగా మొదలైనా, పాతదే ఉన్నట్టుండి పెరిగినా, ముందు ఒళ్ళు చూడాలి. థెరపీ మార్పులు, మందుల మాట తర్వాత. చెవి, పళ్ళు, గొంతు, పొట్ట, మూత్రం, చర్మం, కాలివేళ్ళు, ముక్కులో ఏమైనా దూర్చుకున్నాడేమో, ఎక్కడైనా ఎముక దెబ్బతిందేమో. భోజనం తర్వాత మాటిమాటికీ గుటకలు వేస్తూ మెడ వెనక్కి తిప్పుతుంటే కడుపులో ఆమ్లం పైకి తన్నుతుండొచ్చు. మగపిల్లలైతే వృషణాలు తప్పకుండా చూడమనండి. అక్కడ మెలిక పడితే గంటల వ్యవధే ఉంటుంది, ఆరు గంటలు దాటేకొద్దీ దాన్ని కాపాడే అవకాశం తగ్గిపోతుంది. అడగడానికి సిగ్గుపడకండి.

ఆటిజం ఉన్నవాళ్ళకు నొప్పి తెలియదనే మాట ఇప్పటికీ వింటుంటాం. నొప్పి తెలుస్తుంది, దాన్ని చూపించే తీరు వేరు. ఏడవాల్సిన చోట నవ్వే పిల్లలున్నారు, కదలకుండా బిగుసుకుపోయేవాళ్ళున్నారు. చెప్పలేని పిల్లల నొప్పి కొలవడానికి ఆసుపత్రుల్లో ఫ్లాక్ అనే కొలత ఉంది. ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే తగ్గడం, ఈ అయిదింటికీ 0 నుంచి 2 దాకా, మొత్తం 10 మార్కులు. దాన్ని సవరించిన రూపంలో మీ పిల్లాడికి ప్రత్యేకంగా ఉండే నొప్పి గుర్తుల్ని మీరే చేర్పించవచ్చు. మా వాడికి కాళ్ళు కత్తెర వేయడం, మంచం అంచుకు పొట్ట అదమడం అని రాయించాం. ఆ కాగితం ఫైలులో అన్నిటికంటే పైన ఉంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు వారం రోజులు నోటుపుస్తకంలో రాయండి. ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, ఎంతసేపు, తర్వాత ఏమైంది. ఆఖరు గడి శరీరానికి: తిండి, నిద్ర, మలం. మలానికి బ్రిస్టల్ పట్టిక ఉంది, 1 నుంచి 7 రకాలు. 1, 2 అంటే గట్టివి, 6, 7 అంటే పల్చనివి. అంకె వేస్తే చాలు. దానికి తోడు 30 సెకన్ల వీడియో ఒకటి తీసి ఉంచండి. "బాగా అల్లరి చేస్తున్నాడు" అని పది నిమిషాలు చెప్పినా అర్థంకానిది ఆ వీడియోలో కనబడుతుంది.

మందు సంగతి. మాకు రాసింది పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. అది పేగులో నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. ఇరుక్కున్నది కదిలించడానికి మొదట కిలోకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల చొప్పున 3 నుంచి 6 రోజులు ఇస్తారు. 20 కిలోల పిల్లాడికి 20 నుంచి 30 గ్రాములన్నమాట. ఆ తర్వాత రోజువారీ మోతాదు కిలోకు సుమారు 0.4 గ్రాములతో మొదలుపెట్టి, మలం ఎలా వస్తుందో చూసి పెంచడమో తగ్గించడమో చేస్తారు. ఇది డాక్టరు పిల్లాడిని చూసి రాయాల్సిన లెక్క; వాంతులు, పొట్ట ఉబ్బరం, జ్వరం ఉంటే ఇంట్లో మొదలుపెట్టకూడదు. మొదటి రోజుల్లో బట్టలు ఇంకా ఎక్కువ పాడవుతాయి. విరేచనాలు పట్టుకున్నాయని భయపడి చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇంకో తప్పు దీనికంటే పెద్దది. రెండు వారాలకు అంతా బాగైందని మందు మానేయడం. ఇరుక్కున్న మలం వల్ల సాగిపోయిన పేగు మళ్ళీ మామూలు కావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా మలం వచ్చిన సంగతి పిల్లాడికి సరిగ్గా తెలియదు. బట్టల్లో పోతే తిట్టకూడదనేది అందుకే, వాడి చేతిలో ఉన్న పని కాదది. రోజువారీ మోతాదు కనీసం 2 నెలలు, పూర్తిగా బాగున్నాక ఇంకో నెల, అప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. మా వాళ్ళలో ఒకావిడ "ఇన్ని నెలలు మందా, పిల్లాడిని మందులకు అలవాటు చేస్తున్నావు" అంది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను: మధ్యలో మానేస్తే మళ్ళీ ఆ గోడ దగ్గరికే వెళ్తాడు.

పొడిని పిల్లాడు ఇష్టంగా తాగే ఏకైక పానీయంలో దొంగచాటుగా కలపకండి. రుచి పెద్దగా లేకపోయినా, ఈ పిల్లలు పసిగడతారు. ఒక్కసారి అనుమానం వచ్చిందా, ఆ పానీయం కూడా జన్మలో ముట్టరు. మేం వేరే గ్లాసు పెట్టి, నీళ్ళలో కలిపి ఇచ్చాం. లవణాలు కలిపిన రకం ఉప్పగా ఉంటుంది, అది వద్దంటే లవణాలు లేనిది రాయమని అడగొచ్చు.

టాయిలెట్ మీద కూర్చోబెట్టడం మందుతో సమానం. భోజనమయ్యాక 20, 30 నిమిషాల లోపు పేగు దానంతటదే కదులుతుంది, ఆ వేళ పట్టుకోవాలి. 5 నుంచి 10 నిమిషాలు చాలు. పాదాల కింద పీట ఉండాలి, మోకాళ్ళు తుంటి కంటే ఎత్తులో ఉండాలి. కాళ్ళు గాలిలో వేలాడుతుంటే ముక్కడానికి బలం రాదు. బుడగలు ఊదించాం, ఊదితే పొట్ట కండరాలు వాటంతటవే బిగుస్తాయి, "ముక్కు" అని చెప్పక్కర్లేదు. మా వాడి అసలు భయం ఫ్లష్ చప్పుడు. వాడు బయటికొచ్చి తలుపు వేశాకే ఫ్లష్ చేయడం మొదలుపెడితే మూడో రోజు నుంచి పేచీ తగ్గింది. 'ముందు కూర్చోవడం, తర్వాత బుడగలు' అని రెండు బొమ్మల కార్డు గోడకి అంటించాం. బహుమతి కూర్చున్నందుకే ఇవ్వాలి, మలం వచ్చినందుకు కాదు.

ఇంకో విషయం చెప్పకపోతే తప్పవుతుంది. ఆ మూడు వారాల్లో ఒకచోట రిస్పెరిడోన్ రాసిచ్చారు. ఆటిజంలో చిరాకు, దాడి చేసే స్వభావం తగ్గించడానికి అమెరికాలో 2006లో దానికి అనుమతి వచ్చింది, నిజంగా అవసరమైన పిల్లలకు మేలు చేస్తుంది కూడా. అయితే దాని దుష్ప్రభావాల్లో మలబద్ధకం ఒకటి. మలబద్ధకంతో తల కొట్టుకుంటున్న పిల్లాడికి ఆ మందు రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. దేవుడి దయ, వేసేలోపే అసలు సంగతి బయటపడింది. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా మానేయకండి, మలం సంగతి డాక్టరుకు చెప్పండి.

నొప్పి అని చెప్పడం నేర్పడమే ఇప్పుడు మా ఇంట్లో అసలు చదువు. "నొప్పిగా ఉందా?" అని అడిగితే వాడు "నొప్పిగా ఉందా" అనే తిరిగి అంటాడు. అది అవునూ కాదు, కాదూ కాదు. అందుకని అడగడం మానేశాం. మోకాలు గీరుకున్నప్పుడు, నొప్పి కళ్ళముందు ఉన్నప్పుడే, 'నొప్పి' కార్డు వాడి చేతిలో పెట్టి, ఆ చేతిని మోకాలి మీద పెట్టి "మోకాలు నొప్పి" అంటాం. వెంటనే ఊదడమో తడిగుడ్డ వేయడమో చేస్తాం. కార్డు ఇస్తే హాయి దొరుకుతుందని వాడికి తెలియాలి. బొమ్మ చేతికిచ్చి కావలసింది అడిగే ఈ పద్ధతి పెక్స్, 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించారు. కార్డులు అలవాటైతే మాటలు రావని భయపెడతారు, నమ్మకండి. కార్డులు మాటను అడ్డుకోవని పరిశోధనలు చూపించాయి. మా వాడికి 'వద్దు' అనే మాట కార్డు వెనకాలే వచ్చింది.

నెల కిందట ఓ సాయంత్రం వంటింట్లోకి వచ్చి నా చేతిలో రెండు కార్డులు పెట్టాడు, 'నొప్పి', 'చెవి'. చెయ్యి కుడి చెవి మీద ఉంది. డాక్టరు లైటు వేసి చూస్తే లోపల ఎర్రగా ఉంది. పది నిమిషాల్లో మందు రాయించుకుని బయటికొచ్చాం. ఆ రెండు కార్డుల అంచులు నలిగిపోయాయి, మళ్ళీ లామినేషన్ చేయించాను. ఒక జత వాడి నడుముకు, ఒకటి బడిసంచిలో, ఒకటి మంచం పక్కన గోడకి, చీకట్లో కూడా చెయ్యి అందే ఎత్తులో.