జాడీ అడుగున దారపు గీత

సంక్రాంతి వెళ్లిన తరువాత వచ్చే మొదటి ఆదివారం కోసం నేను ఏటా ఎదురుచూస్తాను. భోగికి ముందు ఇళ్లు దులిపి అటకలు ఖాళీ చేసినప్పుడు బయటపడిన పాత సామాన్లలో కర్రవి మంటలోకి వెళ్లిపోతాయి. మంటలో వేయడానికి వీలులేని మట్టివి, పింగాణీవి మాత్రం తోపుడుబండ్ల వాళ్ల చేతుల మీదుగా నాలుగైదు రోజులలో పాత సామాన్ల దుకాణాలకు చేరుకుంటాయి. అందుకే ఈ రోజు ఎనిమిది గంటలకే ఒక గుడ్డ సంచీ, రెండు పాత తువ్వాళ్లు, చిన్న టార్చిలైటు పట్టుకొని విశాఖపట్నంలోని జగదాంబ నుంచి వన్‌టౌన్‌కు ఆటో ఎక్కాను.

కురుపాం మార్కెట్ దాటాక లోపలి సందులో ఉన్న ఆ దుకాణానికి బోర్డు లేదు. గుమ్మం దగ్గర తుప్పు పట్టిన ఇనుము, దాని వెనుక ఇత్తడి చెంబులు, తాళంచెవి లేని తాళాలు, హార్బరు ఉన్న ఊరు కనుక ఏదో ఓడ నుంచి ఊడదీసిన దీపపు గూడు ఒకటి ఉన్నాయి. ఒక అట్టపెట్టెలో ఏటికొప్పాక లక్కపిడతలు కనిపించాయి. అంకుడు కర్రను తిప్పుతూ మలిచి, ఆ తిరుగుడు వేడికే లక్కను కరిగించి రంగు ఎక్కించిన బొమ్మలవి. తిరగలి పై రాయి పోయింది, రోలుకు రోకలి లేదు. అయినా ఆ పసుపు, ఎరుపు రంగులు ఇంకా మెరుస్తూ ఉండటం చూసి మొత్తం పెట్టెను నలభై రూపాయలకు తీసుకున్నాను.

నేను అసలు వెతికేది జాడీల కోసం. నాన్నమ్మ దగ్గర ఒక పెద్ద గోధుమరంగు జాడీ ఉండేది. ఆమె పుట్టింటివారు 1942కు ముందు రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, ఉండేవారు కనుక ఇంట్లో అందరూ దానిని రంగం జాడీ అనే పిలిచేవారు. ఒకప్పుడు ఈ తీరం నుంచి స్టీమర్లెక్కి బర్మాకు బతకడానికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలా వెళ్లి తిరిగి వచ్చినవారి గుర్తుగా కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు ఈ నాటికీ నిలిచి ఉంది. మేము ఇల్లు మారేటప్పుడు ఆ జాడీ పగిలిపోయింది. దాని పెంకులలో ఒకదాని లోపలి వైపు కుమ్మరి వేళ్లు లాగిన చాళ్లు వరుసగా కనిపించడం నాకు బాగా గుర్తుంది. అంతకు ముందు ఎన్నో ఏళ్లు అందులోని ఆవకాయ తిన్నా, దానిని ఒక మనిషి చేతులతో చేశాడన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

"ఇది రంగం జాడీయేనమ్మా, వెయ్యికి తక్కువ ఇవ్వను" అని దుకాణదారు ఒక జాడీని ముందుకు జరిపాడు. పైన గోధుమరంగు, కింద తెలుపు, మూత కూడా ఉంది. పాత వస్తువు ఎక్కడ పుట్టిందో చెప్పే మాటలను నేను అంత సులువుగా నమ్మను. వస్తువును తిరగవేసి అడుగు చూసుకోవడమే నా పద్ధతి. కుమ్మరి సారె మీద చేసినదైతే లోపల చాళ్లు చుట్టుకుంటూ పైకి ఎక్కుతాయి, గోడ మందం చోటు చోటుకూ కొద్దిగా మారుతుంది. ఈ జాడీ లోపలకు లైటు వేసి చూస్తే గోడ అద్దంలా నున్నగా ఉంది, బయట పక్కన పై నుంచి కిందికి సన్నని అతుకు గీత ఉంది. అచ్చులో పోసి చేసినదని అర్థమైంది. అది పనికిరాని వస్తువేమీ కాదు, ఊరగాయకు నిక్షేపంగా సరిపోతుంది, కానీ నేను వచ్చింది దాని కోసం కాదు.

లేచి వెళ్లబోతుండగా తూకం రాళ్ల పక్కన మేకులు పోసి పెట్టిన చిన్న జాడీ కంటపడింది. గట్టిగా జానెడు కూడా లేదు. మెడ కొంచెం ఒక పక్కకు ఒరిగింది. అనుమతి అడిగి మేకులను కాగితం మీద గుమ్మరించి, తువ్వాలుతో తుడిచి అడుగు చూశాను. గాజుపూత అంటని ఆ అడుగు మీద ఆలిచిప్ప మీద ఉండేలాంటి వంపు గీతలు ఒక అంచు నుంచి విచ్చుకుంటున్నాయి. సారె ఇంకా తిరుగుతుండగానే దారంతో కోసి తీస్తే అలాంటి గీతలు పడతాయి. సారె ఆగిన తరువాత కోస్తే అవి దాదాపు తిన్నగా ఉంటాయి. పూత బొల్లిబొల్లిగా కారి, అడుగుకు వేలెడు ఎత్తున ఆగిపోయింది. పూత అడుగు దాకా ఉంటే కాల్చేటప్పుడు అది కరిగి, కింది పలకకు అంటుకుపోతుంది కనుక చేసినవారు అంత జాగా వదిలారు. పూత ఆగిన చోటికి కాస్త పైన, పచ్చిగా ఉన్నప్పుడు ఎత్తి పక్కన పెట్టేటప్పుడు పడినట్టున్న ఒక బొటనవేలి నొక్కు ఉంది. నా బొటనవేలు అందులో పెట్టి చూశాను; కొంచెం వదులుగా సరిపోయింది. ఆ మనిషి చేయి నా చేతికన్నా పెద్దది.

ధర అడిగితే ఎనభై రూపాయలన్నాడు. నేను బేరమాడలేదు. చేతిపని నచ్చిన రోజున బేరమాడటానికి నాకు మనసు ఒప్పదు.

కొనే ముందు వేలి కణుపుతో తట్టి చూడటం మరిచిపోయానని ఇంటికి వచ్చాక గుర్తుకొచ్చింది. బాగా వేడిమీద, దాదాపు 1200 డిగ్రీలలో, కాలిన గట్టి పింగాణీ మట్టి గంటలా మోగుతుంది, నీరు పీల్చుకోదు. తక్కువ వేడిలో కాలిన ఎర్రమట్టి మాత్రం కూజాలాగా నీటిని కొద్దికొద్దిగా బయటకు వదులుతుంది. తట్టాను. మోగింది, కానీ చివరలో కొంచెం బొంగురు వినిపించింది. జాడీ నిండా నీళ్లు పోసి పాత దినపత్రిక మీద పెట్టి, మధ్యాహ్నం నుంచి అటూ ఇటూ తిరుగుతూ ఎన్నిసార్లు వంగి చూశానో లెక్కలేదు. సాయంత్రం వరకు కాగితం పొడిగానే ఉంది.

రాత్రి తొమ్మిదింటికి జాడీని ఎత్తి చూస్తే కందిగింజంత తడి మచ్చ కనిపించింది. టార్చి వెలుగులో వెతికితే మెడ ఒరిగిన వైపున, అడుగు అంచు దగ్గర వెంట్రుకవాసి బీట దొరికింది. పూత ఎలాంటిదో తెలియని పాత జాడీలో పులుపు పెట్టకూడదని ముందే అనుకున్నాను కనుక ఊరగాయ ఆశ ఎలాగూ లేదు. నీళ్లు పారబోసి, తుడిచి, బోర్లించి పొయ్యి గట్టు మీద ఆరబెట్టాను. రేపు ఎండలో పెట్టి, ఎల్లుండి అందులో ఎండుమిరపకాయలు పోస్తాను.