బుధవారం చర్చలు: ఏడో నెల నోట్సు

తిరుపతిలో మేం కొందరం కలిసి హేతుబద్ధంగా ఆలోచించడం సాధన చేస్తున్నాం. పదిహేను రోజులకోసారి కలుస్తాం. ఇప్పటికి 13 సార్లు కూర్చున్నాం.

మొదట ఆదివారం సాయంత్రాలు ప్రకాశం పార్కులో పెట్టుకున్నాం. తొలిసారి 11 మంది వచ్చారు, నాలుగోసారికి ముగ్గురమే మిగిలాం. ఆసక్తి పోయిందేమోనని చాలా బాధపడ్డాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగితే అసలు సంగతి తెలిసింది. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు శని, ఆదివారాలు దర్శనానికొచ్చే చుట్టాలతోనే సరిపోతాయి. బుధవారం ఆరున్నరకు మార్చాక ఎనిమిది మందికి తగ్గలేదు. వాన గొడవ లేకుండా బాలాజీ కాలనీలో ఒక మిత్రుడి మిద్దె మీది రేకుల షెడ్డులో కూర్చుంటున్నాం. ఒక వైట్ బోర్డు, చీటీలు, పెన్నులు, టీ. అంతకుమించి ఖర్చు లేదు.

మొదటి మూడుసార్లు దేవుడు, జాతకాలు, వాస్తు మీద వాదించుకున్నాం. అందరూ బాగా మాట్లాడారు. ఎవరూ ఒక్క అంగుళం కదల్లేదు. ఇప్పుడా అంశాలు పెట్టడం లేదు. భయపడి కాదు, ఆ సాయంత్రమే సరిచూసుకోవడానికి వాటిలో ఏమీ దొరకడం లేదు.

ఐదోసారి 2-4-6 ఆట ఆడించాను. పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ప్రచురించిన ప్రయోగం ఇది. నా మనసులో ఒక నియమం ఉంటుంది, 2-4-6 దానికి సరిపోతుంది. మీరు వేరే మూడేసి అంకెలు చెబితే నేను అవును, కాదు అంటాను. ఒకరు 8-10-12 అన్నారు, అవునన్నాను. 20-22-24, మళ్లీ అవును. ‘రెండేసి పెరుగుతున్నాయి’ అని అందరూ తేల్చేశారు. నియమం మాత్రం ‘పెరుగుతూ పోవాలి’, అంతే. 1-2-50 అని అడిగి చూసినవాళ్లు లేరు. మనమెక్కడ తప్పో చూపించే ప్రశ్న మనకు తోచదు. ఆ రోజు నుంచి మా బృందం దారి మారింది.

తొమ్మిదోసారి అది నిజంగా అక్కరకొచ్చింది. ఒక అన్న, డెంగీ వచ్చినప్పుడు బొప్పాయి ఆకు రసం తాగితే వాళ్ల అబ్బాయికి ప్లేట్‌లెట్లు పెరిగాయన్నాడు. వెంటనే ఇద్దరు ఎగతాళికి దిగబోతే ఆపాను. మా దగ్గర పూర్వపక్షం నియమం ఉంది: ఎదుటివాళ్ల మాటను వాళ్లే ‘అవును, నేను చెప్పింది ఇదే’ అనేలా ముందు చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. అలా చెప్పించి, బోర్డు మీద నాలుగు గళ్లు గీశాం. రసం తాగి పెరిగినవాళ్లు, తాగినా పెరగనివాళ్లు, తాగకుండానే పెరిగినవాళ్లు, తాగకా పెరగకా ఉన్నవాళ్లు. మొదటి గడిలో పేర్లు చకచకా పడ్డాయి. మిగతా మూడూ ఖాళీ. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి, చాలామందికి ఆ తర్వాత వాటంతటవే పెరుగుతాయి. రసం పనిచేయదని ఆ గళ్లతో తేలదు, చేస్తుందనీ తేలదు. ఆ అన్న చాలాసేపు బోర్డు వైపే చూసి, "తాగకుండా తగ్గినోళ్లను నేను అడగనే లేదే" అన్నాడు. ఈ ఏడు నెలల్లో నాకు బాగా సంతోషం కలిగిన క్షణం అది.

ఇప్పుడు ప్రతిసారీ చివరి ఇరవై నిమిషాలు అంచనాల సాధన. పది ప్రశ్నలకు అంకె బదులు, 90 శాతం నమ్మకంతో ‘ఇంత నుంచి ఇంత’ అని రాయాలి. సరిగ్గా బేరీజు వేసుకునేవాళ్లకు పదిలో తొమ్మిది అసలు జవాబులు వాళ్లు రాసిన హద్దుల మధ్య పడాలి. మాకు సగటున నాలుగే పడుతున్నాయి. అలిపిరి మెట్లెన్ని అని అడిగితే, "నూరుసార్లు ఎక్కినా సార్, నాకు తెలీదా!" అంటూ ఒకరు 2,000 నుంచి 2,500 అని రాశారు. అవి 3,550. ఆయన రాసిన దాంట్లో పడేది కొండెక్కే ఇంకో దారి శ్రీవారి మెట్టు, 2,388. ఎస్వీ యూనివర్సిటీ ఏ ఏడు మొదలైందో (1954) చెప్పడానికి మాత్రం అక్కడ చదవనివాళ్లు వెడల్పుగా రాసి గెలిచారు. బాగా తెలుసనుకున్న చోటే మేం రాసే హద్దులు మరీ ఇరుకవుతున్నాయి.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే: నలుగురేసి జట్లుగా విడగొట్టండి, పన్నెండు మంది ఒకే గుండ్రంలో కూర్చుంటే ముగ్గురే మాట్లాడతారు. చీటీ మీద రాశాకే నోరు విప్పాలని పెట్టుకోండి. లేకపోతే పెద్దవాళ్లు చెప్పిన అంకె చుట్టూనే అందరి అంకెలూ తిరుగుతాయి.

వచ్చే బుధవారం మదనపల్లె మార్కెట్లో టమోటా ధర మీద అంచనాలు వేస్తాం, నెల తర్వాత సరిచూస్తాం. ఎంతమంది వస్తారో కూడా నోటుబుక్కులో రాసిపెట్టాను: 7 నుంచి 12.