తోసా కొలిముల దగ్గర వేటకత్తి

జపాన్‌లోని కోచిలో ఆదివారం సంత తెల్లవారుతుండగానే మొదలవుతుంది. కోట ద్వారం దగ్గర నుంచి ఓతేసుజి వీధి వెంట సుమారు కిలోమీటరు పొడవున గుడారాలు వేస్తారు. 1690 నుంచి జరుగుతున్న సంత ఇది. నవంబరు కదా, యూజు అనే నిమ్మజాతి పండ్లు, అల్లం కుప్పలు పోసి ఉన్నాయి. చిలగడదుంప బజ్జీల కొట్టు ముందు పెద్ద వరస. వీటి మధ్య అక్కడక్కడ కత్తుల కొట్లు తగులుతాయి. ఒక బల్ల మీద కొడవళ్ళు, తొలికలు, చేపలు కోసే కత్తులు. ఇంకో బల్ల మీద నల్లగా, జానెడు పొడవున, మొనదేలి ఉన్నవే మేము వెతుక్కుంటూ వెళ్ళిన కెన్‌నతాలు. నతా అంటే కొమ్మలు నరికే పొట్టి, బరువైన కత్తి. కెన్ అంటే ఖడ్గం. నరకడానికి కావలసిన బరువు, పొడవడానికి కావలసిన మొన రెండూ ఉన్న పనిముట్టు అన్నమాట.

జపాన్‌లో కత్తులంటే అందరూ సెకి పేరో, సకాయ్ పేరో చెబుతారు. వేటకత్తి కోసమైతే మాత్రం షికోకు దీవిలోని ఈ కోచికి, అంటే పాత తోసా సీమకు రావాలన్నది మా గట్టి అభిప్రాయం. ఒకాయామా నుంచి నాంపూ ఎక్స్‌ప్రెస్ సెతో వంతెన దాటి, యోషినో నది లోయ వెంట రెండున్నర గంటల్లో తీసుకొస్తుంది. ఆ దారి చూస్తేనే సగం సంగతి అర్థమవుతుంది. ఈ జిల్లాలో 84 శాతం అడవి. చెట్లు కొట్టేవాళ్ళకు, అడవిపందుల బెడద ఉన్న రైతులకు పనిముట్లు చేస్తూ పెరిగిన కొలిములు ఇవి. అప్పట్లో తోసాను ఏలిన చోసోకాబే వారి 1590 నాటి భూమి లెక్కల్లోనే 399 కమ్మరి ఇళ్ళు ఉన్నట్టు రాసి ఉంది. తోసా పనిముట్లకు ప్రభుత్వం సంప్రదాయ హస్తకళ గుర్తింపు ఇచ్చింది మాత్రం 1998లో. సకాయ్‌లో కొట్టేవారు వేరు, నూరేవారు వేరు. తోసాలో చాలా చోట్ల ఒకే కమ్మరి మొదటి నుంచి చివరి దాకా చేస్తాడు. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చినా కొట్టి ఇస్తాడు. ఎడమచేతి వాటం వాళ్ళకూ, చిన్న చేతుల వాళ్ళకూ ఇంతకంటే మంచి చోటు లేదు.

సంతలో కొనేముందు చేత్తో పట్టుకుని చూడండి. కొలతలు సున్‌లలో చెబుతారు. ఒక సున్ అంటే 3.03 సెంటీమీటర్లు. కెన్‌నతాలు ఎక్కువగా 6, 7, 8 సున్‌ల అలుగుతో (పిడి కాక మిగిలిన కత్తి భాగం) ఉంటాయి. వెన్ను దగ్గర మందం 6 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. 8 సున్‌ది చేతికి తీసుకోగానే భలే అనిపిస్తుంది కానీ, కొండ ఎక్కేటప్పుడు నడుముకు వేలాడేది అదే. మనవాళ్ళు 7 సున్‌లు దాటకూడదు. ఎందుకో చివర్లో చెబుతాను.

కత్తిని కంటి ఎత్తుకు లేపి, పిడి వైపు నుంచి మొన వైపు వెన్ను వెంట చూడాలి. వంకర ఉంటే అక్కడే తెలుస్తుంది. తర్వాత వాదరను, అంటే పదునైన అంచును, వెలుతురుకు ఎదురుగా పెట్టాలి. తెల్లగా మెరిసే చోటల్లా పదును లేదని అర్థం. అన్నిటికంటే ముఖ్యమైనది మెత్తటి ఇనుముకూ ఉక్కుకూ మధ్య కనిపించే గీత. వాదరకు పైన సన్నగా, అలలాగా సాగుతుంది. రెండు పక్కలా ఆ గీత ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. ఒక పక్క 1 సెంటీమీటరు, రెండో పక్క 3 మిల్లీమీటర్లు ఉంటే ఉక్కు నడిమధ్యన కూర్చోలేదన్నమాట. నాలుగేళ్ళు నూరేసరికి వాదరలోకి మెత్తటి ఇనుము వచ్చేస్తుంది. గీత మీద వెంట్రుకంత నల్లటి సందు కనిపించినా వద్దనండి. అక్కడ అతుకు పడలేదు. అందులోకి రక్తం, తడి దిగి లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. పైనంతా నల్లటి పొలుసు ఉండటం లోపం కాదు. దాన్ని కురోఉచి అంటారు, కొలిమిలో పట్టిన పొర అది. తుప్పును కొంత ఆపుతుంది కూడా. మెరుగు పెట్టించడానికి అదనంగా డబ్బు ఇవ్వడం దండగ.

ఆ గీత ఎలా వస్తుందో చూడాలంటే రైల్లో సుమారు అరగంట వెనక్కి, కామి నగరంలోని తోసా యామాదాకు వెళ్ళాలి. కమ్మరులు తగ్గిపోతున్నారని 2019లో ఈ ఊళ్ళోనే కొత్తవాళ్ళకు పని నేర్పే శాల పెట్టారు. కొలిమి గదిలో వెలుతురు తక్కువ. ఇనుము రంగు కంటికి తెలియాలి కాబట్టి కావాలనే అలా ఉంచుతారు. మెత్తటి ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి, మిరపకాయ బజ్జీకి మిరపకాయను చీల్చినట్టు అంచు పొడవునా చీల్చారు. ఆ చీలికలో వెలిగారం, ఇనుప రజను కలిపిన పొడి చల్లి, ఉక్కు పలకను దూర్చారు. మళ్ళీ కొలిమిలో పెట్టి, నారింజ రంగు దాటి పసుపు పచ్చగా మారేదాకా ఆగి, మర సుత్తి కింద పెట్టారు. మొదటి నాలుగు దెబ్బలకు వెలిగారం సెగలు కక్కుతూ బయటికి చిమ్మింది. లోపలి మలినమంతా దానితోనే పోతుంది. వేడి తక్కువైతే అతుకు పట్టదు, మరీ ఎక్కువైతే ఉక్కులోని కార్బన్ కాలిపోతుంది. ఇందాక చెప్పిన నల్లటి సందు పుట్టేది ఈ పది పదిహేను సెకన్లలోనే.

మన తెలంగాణలోని కోనసముద్రం కమ్మరులు మూసలో ఉక్కును కరగబెట్టి ముద్ద తీసేవారు, కత్తి మొత్తం ఆ ఉక్కే. ఇక్కడ ఉక్కు వాదర దగ్గర మాత్రమే ఉంటుంది. మిగతాదంతా దెబ్బను మింగే మెత్తటి ఇనుము. అందుకే ఇంత గట్టి వాదర ఉన్నా కత్తి విరగదు.

గట్టిపరిచే పని ఇంకో ఘట్టం. అలుగుకు సానపొడి కలిపిన బంకమట్టి పల్చగా పూస్తారు. మట్టి లేకపోతే నీళ్ళలో ముంచగానే ఆవిరి బుడగలు ఇనుముకు అంటుకుని, ఒక చోట గట్టిగా, ఒక చోట మెత్తగా తయారవుతుంది. సుమారు 780 డిగ్రీల దగ్గర, పండిన పండుమిరప రంగు వచ్చాక, గోరువెచ్చటి నీళ్ళలో నిలువుగా దించుతారు. ఆ క్షణంలో ఉక్కు గాజులాగా పెళుసు. వెంటనే 160 నుంచి 200 డిగ్రీల మధ్య మళ్ళీ వేడి చేసి పెళుసుతనం తగ్గిస్తారు. ఈ 200 అనే అంకె గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

ఉక్కు రకం అడిగితే షిరోగామి, అవోగామి అంటారు. తెల్లకాగితం, నీలికాగితం అని అర్థం. షిమానే జిల్లా యసుగిలో తయారయ్యే ఉక్కు కడ్డీలకు అంటించే కాగితం రంగును బట్టి వచ్చిన పేర్లు. షిరోగామి 2వ రకంలో 1.05 నుంచి 1.15 శాతం కార్బన్ తప్ప చెప్పుకోదగ్గవేవీ కలపరు. రాయి మీద ఇట్టే పదునెక్కుతుంది. అవోగామి 2వ రకంలో అంతే కార్బన్, దానికి తోడు 1 నుంచి 1.5 శాతం టంగ్‌స్టన్, 0.2 నుంచి 0.5 శాతం క్రోమియం. నూరడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. పందిని ఒలిచేవాళ్ళకు అవోగామి, కత్తిని రోజూ నూరుకునే అలవాటున్నవాళ్ళకు షిరోగామి మా సలహా. అవోగామి తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. అరశాతం క్రోమియంతో తుప్పు ఆగదు. తుప్పు గోల వద్దనుకుంటే సుమారు 15 శాతం క్రోమియం ఉన్న వీజీ10 లాంటి ఉక్కుకు వెళ్ళాలి. అప్పుడు తోసా కాదు, సెకి వెళ్ళడం మంచిది.

కొత్తగా వచ్చేవాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఒక్క కత్తితో అన్ని పనులూ అయిపోవాలనుకుంటారు. ఇక్కడి వేటగాళ్ళ దగ్గర ఎప్పుడూ రెండుంటాయి. పొదలు నరకడానికి, ఉచ్చులో పడ్డ పందిని చంపడానికి కెన్‌నతా. ఒలవడానికి 9 నుంచి 12 సెంటీమీటర్ల అలుగుతో, పొట్ట ఉబ్బెత్తుగా వంగిన చిన్న కత్తి. ఈ రెండు వాదరల కోణాలు వేరు. కెన్‌నతాకు ఒక్కో పక్క 20 నుంచి 25 డిగ్రీలు, పక్కలు గుల్లచిప్పలా ఉబ్బెత్తుగా. ఒలిచే కత్తికి 15 చాలు. ఆ 15 డిగ్రీల వాదరతో తుంటి ఎముక మీద కొట్టారా, అర్ధచంద్రాకారంలో పెచ్చు ఊడుతుంది. ఎముక గట్టిదని కాదు, దిగబడ్డ కత్తిని బయటికి లాగేటప్పుడు పక్కకు తిప్పుతాం. గట్టి ఉక్కు నిలువు దెబ్బను తట్టుకుంటుంది, పక్క మెలికను తట్టుకోదు. కీళ్ళు ఎక్కడున్నాయో వేలితో తడిమి, మధ్యలోని నరం కోస్తే కాలు దానంతటదే విడిపోతుంది. నరకవలసిన అవసరమే రాదు.

జపాన్‌లో చాలాచోట్ల వేట నవంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా. లైసెన్సు ఉన్నవాళ్ళ వెంట వెళ్ళి చూస్తే కత్తి ఎంత తక్కువ వాడతారో తెలుస్తుంది. జింక పొట్ట చీల్చేటప్పుడు వాదరను పైకి తిప్పి, చూపుడువేలు, మధ్యవేలు చర్మం లోపల పెట్టి, వాటి నడుమ మొనను నడిపిస్తూ రొమ్ము ఎముక దగ్గర నుంచి కిందకు వస్తారు. మొన పేగులకు తగిలితే మాంసం పాడైనట్టే. చర్మాన్ని ఎప్పుడూ లోపలి నుంచి బయటకే కోస్తారు. బయటి నుంచి కోస్తే వెంట్రుకల్లోని మన్ను, ఇసుక పదునును మింగేస్తాయి. వెనక కాళ్ళతో వేలాడదీశాక జింక చర్మం చాలావరకు పిడికిలితో నెడితేనే ఊడి వస్తుంది. పంది అలా కాదు. చర్మం, కొవ్వు ఒకటిగా అతుక్కుని ఉంటాయి, అంగుళం అంగుళం కత్తితోనే పోవాలి. మధ్యలో రెండు మూడుసార్లు పదును సరిచేసుకోక తప్పదు. 2014లో జపాన్ ఆరోగ్య శాఖ ఇచ్చిన అడవి మాంసం మార్గదర్శకాల ప్రకారం మాంసం కోసే చోట కత్తులను 83 డిగ్రీలకు పైబడ్డ నీళ్ళతో శుద్ధి చేయాలి. అయితే ముందు చన్నీళ్ళతో రక్తం కడిగాకే వేడినీళ్ళు పోయాలి. నేరుగా వేడినీళ్ళు పోస్తే రక్తం గడ్డకట్టి పిడి సందులో అతుక్కుంటుంది. కడగకుండా అరగంట వదిలేస్తే షిరోగామి మీద గోధుమరంగు మచ్చ వచ్చేస్తుంది.

నూరడానికి 400, 1000, 3000 నంబరు రాళ్ళు మూడు చాలు. 1000 రాయిని పది పదిహేను నిమిషాలు నీళ్ళలో నానబెట్టాలి. కెన్‌నతాకు 1000తో ఆపేయండి, ఇంకా నున్నగా చేస్తే నరికేటప్పుడు జారుతుంది. ఒలిచే కత్తికి 3000 దాకా వెళ్ళండి. ఒక పక్క నూరాక రెండో పక్క బొటనవేలితో అడ్డంగా తడిమితే పొడవునా సన్నటి ముళ్ళంచు తగలాలి. అది మొన దాకా రాకముందే పక్క మార్చడం వల్లే చాలామందికి మొన దగ్గర పదును నిలవదు. ఇంటికి తెచ్చాక వీధిలో సైకిల్ మీద సానపట్టే ఆయనకు మాత్రం ఇవ్వవద్దు. ఆయన తప్పేమీ లేదు, పొడి చక్రం మీద సన్నటి వాదర క్షణంలో 200 డిగ్రీలు దాటుతుంది, కమ్మరి తెచ్చిన గట్టిదనం పోతుంది. వాదర మీద నీలిరంగు కనిపించిందంటే 300 డిగ్రీల దగ్గరికి వెళ్ళిందని గుర్తు.

ఇక చట్టాలు. జపాన్‌లో సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు మించిన అలుగున్న కత్తిని వెంట పెట్టుకుని తిరిగితే రెండేళ్ళ దాకా జైలు, లేదా 3 లక్షల యెన్‌ల దాకా జరిమానా. ఆత్మరక్షణ కోసం అంటే అది కారణం కిందకు రాదు. కొన్న కత్తిని డబ్బాలోనే, రసీదుతో సహా, సంచి అడుగున పెట్టి నేరుగా బసకు వెళ్ళండి. 2019 నుంచి సరిగ్గా పొట్లం కట్టని కత్తితో రైలెక్కనివ్వరు. రెండు వైపులా వాదర ఉన్న బాకు ఎంత బాగున్నా కొనవద్దు. 5.5 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్నవాటిని దగ్గర ఉంచుకోవడమే 2009 నుంచి నేరం. విమానంలో చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. ఇంటికి తెచ్చిన కత్తి మేకపోతును కోయడానికో, తోటపనికో. ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగును ఆయుధం కింద లెక్కిస్తాయి. ఇంటి, వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది కానీ, మొనదేలిన కెన్‌నతాను కస్టమ్స్ బల్ల దగ్గర కొడవలి అని ఒప్పించడం కష్టం. 8 సున్‌లంటే 24 సెంటీమీటర్లు పైనే, 9 అంగుళాలు దాటేసింది. 7 సున్‌లు 21.2 సెంటీమీటర్లు. అందుకే ఏడు దగ్గర ఆగమన్నది. వెడల్పు కూడా కొలుచుకోండి, 5 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

అక్కడ తుప్పు పట్టకుండా కామెల్లియా గింజల నూనె రాస్తారు. మన ఇళ్ళలో నువ్వుల నూనె రాస్తే నెలకే జిగురు కడుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు చుక్కలు గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. కోస్తా గాలికి చెక్క ఒర తేమ పీలుస్తుంది కాబట్టి వానాకాలంలో కత్తిని ఒరలో కాకుండా కాగితంలో చుట్టి దాచండి. తుప్పు ఎప్పుడూ అలుగు పిడిలోకి దిగే చోట, పొన్ను (పిడి మొదట బిగించే లోహపు కట్టు) సందులో మొదలవుతుంది. కొత్తగా ఉన్నప్పుడే ఆ సందులో తేనెమైనం కరిగించి పోసి, పైకి వచ్చినదాన్ని గోటితో గీకేయండి.