మొక్కల ఆల్బమ్: నాలుగో నెల, 14 షీట్లు

ఆరేళ్లుగా కెనడాలోని మిసిసాగాలో ఉంటున్నాను. ఊరి పేరు ఒక ఆదివాసీ జాతి పేరని తెలుసు కానీ, దాని గురించి నిలబడి ఆలోచించింది మాత్రం ఈ మే నెలలోనే. లైబ్రరీ నుంచి క్యాథరిన్ పార్ ట్రెయిల్ పుస్తకం తెచ్చుకున్నాక.

ఆమె ఇంగ్లండ్‌లో పుట్టి, 1832లో భర్తతో ఇక్కడికి వచ్చి, ఇప్పటి లేక్‌ఫీల్డ్ దగ్గర అడవిలో కాపురం పెట్టింది. మొక్కల గురించి చూసుకోవడానికి దొరికింది పుర్ష్ అనే వృక్షశాస్త్రవేత్త లాటిన్‌లో రాసిన గ్రంథం, అదీ అరువు. అయినా వదల్లేదు. 1885లో, ఎనభై దాటాక, కెనడా మొక్కల మీద పెద్ద పుస్తకం వేసింది. ఆ పట్టుదల చూసే నేనూ మొక్కలు నొక్కి ఆరబెట్టడం మొదలుపెట్టాను.

మే: మొదటి మూడు షీట్లకు బూజు పట్టింది. తప్పు రెండు చోట్ల జరిగింది. సూపర్‌మార్కెట్ ఫ్లయర్ల నున్నటి కాగితం తడి పీల్చదు. పైగా రెండు రోజులు మార్చలేదు. ఇప్పుడు మామూలు న్యూస్‌పేపర్, మధ్యలో అట్టముక్క, పైన పది కిలోల బియ్యం బస్తా. మొదటి నాలుగు రోజులు రోజూ పేపరు మారుస్తాను. ఆరాక కవర్లో పెట్టి వారం ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు చస్తుంది. ట్రిలియం అనే అడవి పూల మొక్కను కోయలేదు, ఫొటోతో సరి. విత్తు నుంచి పువ్వు రావడానికి దానికి ఏడేళ్లకు పైగా పడుతుంది.

జూన్: షుగర్ మేపుల్ ఆకు చక్కగా వచ్చింది. లేబుల్ రాస్తుంటే చేయి ఆగింది. పేరు తెలియని పూలకు తానే పేర్లు పెట్టుకోవచ్చని ట్రెయిల్ తన తొలి పుస్తకంలో ముచ్చటగా రాసుకుంది. కానీ ఏ మొక్క దేనికి వాడతారో ఆమెకు చెప్పినవాళ్లలో ఆదివాసీ స్త్రీలూ ఉన్నారు. వాళ్ల భాషలో వీటికి ఎప్పటినుంచో పేర్లున్నాయి. ఆమె రావడానికి 14 ఏళ్ల ముందు, 1818 ఒప్పందంతో ఆమె కాపురం పెట్టిన ఆ లేక్‌ఫీల్డ్ వైపు నేల మిసిసాగా జాతి వాళ్ల చేతి నుంచి బ్రిటిష్ ప్రభుత్వానికి పోయింది. నేల పోయాక పేరూ పోవడం నాకు చాలా బాధనిపించింది. నేనూ బయటి నుంచి వచ్చినదాన్నే కదా. అందుకే లేబుల్‌లో మొదటి వరుస మిసిసాగా వాళ్ల అనిషినాబే భాషలోని పేరుకే: ఈ మేపుల్‌కైతే ఇనినాటిగ్. తర్వాత లాటిన్, ఇంగ్లిష్, చివర్న తేదీ, చోటు, నేల రకం. తెలియకపోతే ఆ వరుస ఖాళీగా ఉంచుతాను, నా సొంత పేరుతో నింపను. పద్నాలుగింటిలో ఎనిమిది ఇంకా ఖాళీ.

జూలై: ప్లాంటెయిన్. అరటి కాదు, నడకదారి పక్కన నేలకు అంటుకుని పెరిగే వెడల్పాకు మొక్క. మన ఇసబ్‌గోల్ దీని కుటుంబమే. ఇది యూరప్ నుంచి వచ్చి, వలసవాళ్లు నడిచిన చోటల్లా మొలిచింది. 'తెల్లవాడి అడుగు' అనే పేరు అలా వచ్చిందే. ఈ ఒక్క షీటు మీద 'వలస మొక్క' అని ఎర్ర సిరాతో రాశాను. ఆకు ఈనెలు లావు, అందుకని ఈనెల వైపు స్పాంజ్ ముక్క పెట్టి నొక్కాలి.

ఆగస్టు: బియ్యం బస్తా కింద ఇప్పుడు గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్క ఉంది. కాడ మందంగా ఉంటే నిలువునా చీల్చి సగమే పెట్టాను. శనివారం తీసి, నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అంటిస్తాను.