పళ్లికరణైలో రెండు కన్వర్టర్లు

ఆదివారం.

ఆరుంబావుకల్లా చెన్నై వేలచ్చేరి నుంచి పక్షుల ఫొటోలకని బండి మీద బయల్దేరాం, నేనూ తమ్ముడూ. వాడు షోలింగనల్లూరు నుంచి రాత్రే వచ్చి పడుకున్నాడు. ఈయన్ని లేపడం దండగ. పెసరట్టు పిండి బయట పెట్టి, అల్లం పచ్చడి సంగతి చీటీ రాసి వచ్చేశాను.

పళ్లికరణై చిత్తడి నేలకి 2022లో రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. వాళ్ళకది చెత్త డంపింగ్ యార్డు పక్కన కంపు కొట్టే చెరువు. కంపు నిజమే. గూడబాతులూ (పెలికన్లు) నిజమే. చిక్కల్లా అవి రోడ్డుకి దూరంగా కూర్చోవడంలోనే ఉంది. దగ్గరికి పోదామంటే లోపలంతా బురద.

అంత దూరం నుంచి తీసే అసలు లెన్సులు కొనాలంటే లక్షలు. అందుకే మా ఇద్దరికీ కన్వర్టర్ల (ఉన్న లెన్సుకే తగిలించి జూమ్ పెంచే గాజుల) పిచ్చి పట్టుకుంది. నాది పాత పానాసోనిక్ ఎఫ్‌జెడ్50, 2006 నాటిది. దాని లెన్సు ఊడిరాదు, జూమ్ చేస్తే బయటికి సాగదు కూడా. ముందు 55 ఎంఎం మర ఉంటుంది. ఒలింపస్ టీకాన్-17 కన్వర్టర్ కూడా 55 ఎంఎమ్మే కాబట్టి ఏ అడాప్టరూ లేకుండా నేరుగా బిగిసిపోతుంది. 420 ఎంఎం దాకా వెళ్ళే జూమ్ 1.7 రెట్లయి 714 అవుతుంది. టి.నగర్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొనేముందు ఫోన్ టార్చి వేసి, గాజు లోపల బూజు తీగలేమైనా పాకాయేమోనని అటూ ఇటూ తిప్పి చూశాను. చెన్నై గాలికి గాజు కూడా బూజు పడుతుంది మరి.

తమ్ముడిది కానన్ డీఎస్ఎల్ఆర్ (లెన్సు ఊడదీసి మార్చుకునే కెమెరా), 55-250 లెన్సు. దానికీ బాడీకీ మధ్య పెట్టే 2 ఎక్స్ (రెండు రెట్ల) కన్వర్టర్ కొత్తగా కొన్నాడు. "అక్కా, 250 ఇంటూ రెండు, పైన నా సెన్సర్ లెక్క, అదే క్రాప్ ఫ్యాక్టర్, 1.6. మొత్తం 800! నీది 714యే," అని దారి పొడుగునా ఒకటే గొప్పలు.

రేడియల్ రోడ్డు పక్కన ఆగి, పిట్టగోడ మీద నా బియ్యం సంచి వేశాను. పాత దిండు గలీబుని సగానికి కుట్టి రెండు కిలోల రేషన్ బియ్యం పోసిందే. దాని మీద కెమెరాని నొక్కిపెడితే ట్రైపాడ్ అక్కర్లేదు. 714 దగ్గర ఊపిరి పీల్చినా ఫ్రేములోంచి పక్షి జారిపోతుంది, అందుకని ఈ ఏర్పాటు. గూడబాతు ముక్కు కింద సంచి మీది గీతలు కూడా కనిపించాయి. ఎఫ్ నంబరు (ఇది పెరిగేకొద్దీ లెన్సులోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది) 3.7, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 100, షట్టర్ 1/640 సెకను.

పక్కన తమ్ముడి లెన్సు గిర్రు గిర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతోంది, ఎక్కడా ఆగదు. "ఫోకస్ దొరకట్లేదక్కా. వ్యూఫైండర్ కూడా చీకటిగా ఉంది," అన్నాడు.

ఉండదూ మరి! వెనక పెట్టే కన్వర్టర్ ఉన్న వెలుతురునే పలచన చేస్తుంది. గ్లాసుడు పాలల్లో నీళ్ళు పోసి నాలుగు గ్లాసులు చేసినట్టు. 1.4 ఎక్స్ అయితే ఒక స్టాపు (అంటే వెలుతురు సగం), 2 ఎక్స్ అయితే రెండు స్టాపులు పోతాయి. వాడి ఎఫ్ 5.6 కాస్తా ఎఫ్ 11 అయింది. చాలా డీఎస్ఎల్ఆర్‌ల ఆటో ఫోకస్‌కి ఎఫ్ 5.6 దాకానే భరోసా, కొన్నింటికి నడిమి పాయింటు మీద ఎఫ్ 8. నాదిలా లెన్సు ముందు బిగించేది అలా కాదు. ఫోకల్ లెంగ్త్‌తో పాటు వెలుతురు పట్టే వాకిలిని కూడా పెంచుతుంది కాబట్టి ఎఫ్ నంబరు దాదాపు అలాగే ఉంటుంది. ఇదంతా చెప్తుంటే వాడు వినలేదు, రింగు తిప్పుతూనే ఉన్నాడు.

నాదాంట్లో మాత్రం లోపాల్లేవా? జూమ్ తగ్గించి వైడ్‌కి వస్తే నాలుగు మూలలా నలుపే. తెల్ల రెక్క అంచున ఊదారంగు గీత వస్తుంది. ఐఎస్ఓ 400 దాటిస్తే ఈకలు పిండిముద్ద అయిపోతాయి. వాడి సెన్సర్ పెద్దది, 800లో కూడా చెక్కుచెదరదు.

ఎనిమిదిన్నర దాటాక రోడ్డు మీదా నీళ్ళ మీదా వేడికి గాలి అలలు కొట్టడం మొదలైంది. ఇక ఏ గాజు పెట్టినా ఒకటే, పక్షి వణుకుతున్నట్టే వస్తుంది. సర్దేశాం.

ఇంటికొచ్చి పెసరట్లు తిన్నాక లాప్‌టాప్‌లో చూశాం. కన్వర్టర్ లేకుండా వాడు 250లో తీసిన గూడబాతుని క్రాప్ చేసి, 2 ఎక్స్‌తో చేత్తో ఫోకస్ చేసి తీసినదాని పక్కన పెడితే క్రాపే నయంగా ఉంది. మామూలు జూమ్ లెన్సుకి 2 ఎక్స్ దండగని నా అభిప్రాయం. 300 ఎఫ్ 4 లాంటి ప్రైమ్‌కి (జూమ్ లేని లెన్సుకి) 1.4 ఎక్స్ పెడితే ఆ లెక్క వేరు, 420 ఎఫ్ 5.6 వస్తుంది, ఫోకస్ కూడా నిలుస్తుంది. కానీ ఆ ప్రైమ్ ధర వింటే మళ్ళీ మొదటికే వస్తాం.

తమ్ముడి మొహం చూసి జాలేసి మేడ మీదికి తీసుకెళ్ళాను. కరివేపాకు కుండీ మీద తూనీగ వాలి ఉంది. వెనక పెట్టే కన్వర్టర్‌కి ఒక సుగుణం ఉంది. లెన్సు ఎంత దగ్గర నుంచి ఫోకస్ చేయగలదో అంత దగ్గర నుంచే చేస్తుంది, బొమ్మ మాత్రం రెట్టింపు. నాదైతే వెనక్కి వెనక్కి జరగమంటుంది. వాడు లైవ్ వ్యూ పెట్టి, తెర మీద పది రెట్లు పెంచుకుని, రింగు వదిలేసి తనే ముందుకీ వెనక్కీ ఊగాడు. ఎండ బాగా కాస్తోంది కాబట్టి ఎఫ్ 11 అయినా ఇబ్బంది లేదు. రెక్కల్లో గళ్ళు లెక్కపెట్టొచ్చు, అంత బాగా వచ్చింది.

"అమ్మేద్దామనుకున్నా," అన్నాడు.

"ఎవరు కొంటార్రా?" అన్నాను.

సాయంత్రం వెళ్తూ ఆ కన్వర్టర్‌ని నా దగ్గరే వదిలేశాడు, వాడి రూములో తేమ ఎక్కువట. రెండింటినీ సిలికా జెల్ పొట్లాలతో పాత పప్పుల డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఈయన కందిపప్పనుకుని రోజుకోసారి తెరవకుండా పైన కాగితం కూడా అంటించాను.